పుట్టిన దేశం

మీసేవ షట్టర్ సగమే లేపి ఉన్నది. వంగి పోయిన.
తస్లీమా చాయ్ గ్లాసు పక్కకు జరిపి
"సంతకం తెచ్చినవా కాకా?" అన్నది.
అంగిజేబుల నుంచి పాలితిన్ కవరు విప్పి
వేలంత పుల్ల చేతిల పెట్టిన.
ముప్పై ఆరు మగ్గాల సంతకం అది.

సంక్షేమ హాస్టళ్లకు నాలుగు వేల రెండు వందల జంపఖానాలు.
మన దేశపోళ్లయినా, బయటి దేశపోళ్లయినా
ఇయ్యాల మధ్యాహ్నం మూడింటి లోపల.
గడియారం వాళ్లదే.
కొత్తవాడల మా సొసైటీ గడియారం పన్నెండు నిమిషాలు ముందుంటది,
అది చెల్లదట.

"యంత్రం మోడల్ నంబర్?"
మా నాయిన తుమ్మకర్రతోటి చేయించిండు బిడ్డా,
ఎడమ కాలు కింద పెంకాసు పెడితెనే నిలవడ్తది.
ఆమె ఏదో కొట్టింది.
"బరువు? రెండు శాతం కంటే తేడా రావద్దు."
కనకలచ్చిమి నేస్తే బిగువు,
వెంకటనర్సు నేస్తే మెత్తన,
వానకాలం ఇద్దరిదీ బరువే.
ఆమె మళ్ల ఏదో కొట్టింది.

పుట్టిన దేశం కాడ బాణం ఒత్తితే
దేశాలన్నీ జారుకుంట దిగినయి.
ఐస్‌లాండ్ కింద, ఇండోనేషియా మీద
మేమున్నం.
దాన్ని ఒత్తితే జిల్లా వస్తదేమో,
మా గల్లీ వస్తదేమో అని చూసిన.
రాలే.

మునుపు పెట్టె ఇనుపది.
హైదరాబాద్ ఆఫీసు వరండాల ఉండేది.
దాని చుట్టు నలుగురు కుర్చీలేసుకొని కూసునేటోళ్లు.
మూడేండ్లు నా కవరు వాళ్ల మోకాళ్లు దాటలే.
ఒకసారైతే ఇరానీ చాయ్ తాపిచ్చి
బస్సు కిరాయి కూడ ఇచ్చి తోలిండ్రు.
ఈ పెట్టె కాడ ఎవ్వరు లేరు.
ఉన్నా కనపడరు.
నాకు నిమ్మళమూ అదే, గుబులూ అదే.

సందేహాల కాడ పన్నెండో ప్రశ్న.
అడిగినోడిది ఏ సముద్రం అవతలో,
కంపెనీ పేరు మా ఇద్దరికీ నోరు తిరగలే.
జంపఖానా అనగా ఏమి?
కింద సర్కారు జవాబు:
నూలు పరుపుడు గుడ్డ. చేనేత. కొలతలకు అనుబంధం మూడు చూడగలరు.

తస్లీమా నవ్వింది.
నాకు నవ్వు రాలే.
ఇన్నేండ్ల నుంచి కొన్నోడు ఒక్కడన్న అడిగిండా?
పెండ్లిల పరుస్తరయ్యా,
పీనుగ లేసినంక దులిపి మళ్ల అదే పరుస్తరు.
పంచాయితీల కూసున్నోళ్లు
మాట తోచక దాని అంచు పోగులు పీకుతరు.
హాస్టల్ పోరగాడు మొదటి రాత్రి
మొఖం అందులనే దాసుకుంటడు.
గిట్ల రాయి బిడ్డా అన్న.
"జవాబు చెప్పే హక్కు మనకు లేదు కాకా, కొనేటోళ్లదే."

రెండు యాబై ఒకటికి పచ్చ టిక్కు పడ్డది.

నమూనా మాత్రం చేతికే ఇయ్యాలె.
వాళ్లది ఇమానంల అట్టపెట్టెల వస్తదట.
మాది తెల్లారుగట్ల ప్యాసింజర్‌ల, నా భుజం మీద,
మూలకు లక్క సీలు, సీలుకు చీటీ.

జనగామల ఒకామె ఎక్కింది.
సంకల పిల్ల. ఒళ్లు కాలుతున్నట్టుంది, మూలుగుతున్నది.
తలుపు కాడ నేలంతా తడి.
ఆమె అడగలే.
నా భుజం దిక్కు చూసి, చూపు తిప్పుకున్నది.
మరక అంటిన నమూనా తిరగ్గొట్టబడును,
నిబంధన పద్నాలుగు.
ఆలేరు దాక పద్నాలుగును పట్టుకొనే కూసున్న.
ఆలేరు దాటినంక
సీలు మూలను లోపలికి మడిచి పరిచిన.

మౌలాలి కాడ పిల్లను లేపుకున్నది.
దులిపి చూసిన, ఏమీ అంటలే,
కొంచెం కొబ్బరినూనె వాసన.

ఆఫీసుల బల్ల మీద అట్టపెట్టె అప్పటికే వచ్చి ఉన్నది.
దాని పక్కన
చీటీ పైకి కనపడేటట్టు పెట్టి
బయటికొచ్చి నిలవడ్డ.